మిశ్రమ డీజిల్ ముందు అందాల్సింది పాత ఇంజన్లకు

సంపాదకులకు,

విశాఖలో డీజిల్ పొగ మీద చర్చ మొదలైతే మాట రెండే వైపులకు పోతుంది. పాత బండ్లన్నీ తుక్కు కింద తీసేయాలని ఒకరంటారు, అన్నీ కరెంటు బండ్లే కావాలని ఇంకొకరంటారు. రెండూ జరగవలసినవే, కాదనం. అయితే కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు గేటు కోసం ఇంజన్ ఆపకుండా నిలబడే లారీలు, ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లు, అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో జెనరేటర్లు ఏడాదిలో మారిపోయేవి కావు. ఇంజన్ మార్చకుండా వాటి పొగ తగ్గించే దారి ఒకటుంది. డీజిల్‌లో 10 నుంచి 20 శాతం దాకా ప్రమాణాలకు సరితూగే బయోడీజిల్ (నూనెల నుంచి తయారుచేసే ఇంధనం) కలపడమే అది. దీని గురించి ఊళ్లో వినపడేదాంట్లో సగం పొగడ్త, సగం భయం. ఇంజన్లు, ఫ్యూయల్ పంపులు బాగుచేసే పనిలో ఉన్నవాళ్లుగా అసలు లెక్క పాఠకుల ముందు పెడుతున్నాం.

బి 20 అంటే వంద లీటర్లలో ఇరవై లీటర్లు బయోడీజిల్, మిగతాది మామూలు డీజిల్. బి 100 అంటే కలపని బయోడీజిల్. దానికి ఐఎస్ (భారత ప్రమాణం) 15607, బి 20 దాకా మిశ్రమాలకు ఐఎస్ 16531 ప్రమాణాలున్నాయి. బంకుల్లో అమ్మే డీజిల్‌కు వర్తించే ఐఎస్ 1460 ప్రకారం కూడా 7 శాతం దాకా బయోడీజిల్ ఉండవచ్చు. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలవాలని లక్ష్యం పెట్టింది. పెట్రోల్‌లో ఇథనాల్ పరుగులు తీస్తుంటే డీజిల్ వైపు మాత్రం నత్తనడకే.

కలిపితే ఎంత తగ్గుతుంది? అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2002లో అప్పటి హెవీ డ్యూటీ ఇంజన్ల పరీక్షలన్నీ కూర్చి లెక్క తేల్చింది. సోయా నూనె బయోడీజిల్‌తో చేసిన బి 20 వాడితే మసి కణాలు సుమారు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం, కాలకుండా బయటికొచ్చే హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం 2 శాతం పెరిగాయి. బి 100తో మసి సగానికి దగ్గరగా పడిపోయింది గానీ నైట్రోజన్ ఆక్సైడ్లు 10 శాతం పెరిగాయి. పది శాతం తగ్గుదలతో ఒరిగేదేముందని తీసిపారేయకండి. డీజిల్ పొగ క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. పైగా ఒక వైపు యారాడ కొండ, ఇంకో వైపు సింహాచలం కొండలు, మధ్యలో గిన్నెలాంటి పల్లంలో ఉన్న మన పారిశ్రామిక ప్రాంతంలో గాలి ఆడని రాత్రుళ్లు పొగ ఎక్కడికీ పోదు.

మసి ఎందుకు తగ్గుతుందంటే, బయోడీజిల్ బరువులో పదో వంతుకు పైగా ఆక్సిజనే. సిలిండర్‌లో డీజిల్ తుంపర మధ్యభాగానికి గాలి అందక మసి పుడుతుంది. ఇంధనంలోనే కొంత ఆక్సిజన్ ఉంటే ఆ లోటు కొంత పూడుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు పెరగడానికి కారణం పాత మెకానికల్ పంపుల్లో ఒకటుంది. బయోడీజిల్ డీజిల్ కంటే తక్కువగా నొక్కుకుపోతుంది కాబట్టి పైపులో ఒత్తిడి త్వరగా లేచి, ఇంధనాన్ని సిలిండర్‌లోకి చిమ్మే నాజిల్ ఒక వెంట్రుకవాసి ముందే తెరుచుకుంటుంది. టైమింగ్ అడ్వాన్స్ చేసినట్టే, అంటే ఇంధనం చిమ్మే వేళను ముందుకు జరిపినట్టే లెక్క. పంపు టైమింగ్‌ను ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి పెడితే ఇది చాలావరకు సర్దుకుంటుంది, మైలేజీ కాస్త పోతుంది. చెవితో విని చేసే పని కాదిది. పంపును సరిచూసే కాలిబ్రేషన్ బెంచి మీదికి ఎక్కించాలి, ఇంజన్ మీద టైమింగ్ మార్కు చూసి బిగించాలి. ఇక్కడ ఇంకో చిక్కుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం చేసే పరీక్ష పొగ నలుపును మాత్రమే కొలుస్తుంది. బీఎస్-4 (భారత్ స్టేజ్ పొగ నిబంధనల నాలుగో దశ) లారీకి ఆ నలుపు కొలతలో 1.62, అంతకుముందు వాటికి 2.45 పరిమితి. నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ మీటర్‌కు కనపడవు. కాబట్టి సర్టిఫికెట్ వచ్చింది కదా అని టైమింగ్ సంగతి వదిలేయకూడదు.

ఈ మిశ్రమం ఏ బండికి? 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్-6 లారీల్లో సైలెన్సర్ దగ్గరే మసి ఫిల్టర్, యూరియా ద్రావణంతో నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టే ఏర్పాటు ఉంటాయి. వాటిలో బి 20 పోసినా అదనంగా తగ్గేది నామమాత్రమే, చిక్కు మాత్రం ఉంది. మసి ఫిల్టర్‌ను కాల్చి శుభ్రం చేయడానికి కొన్ని ఇంజన్లు సిలిండర్‌లోకి ఆలస్యంగా ఇంకొంచెం డీజిల్ చిమ్ముతాయి. డీజిల్ ఆవిరైపోతుంది. బయోడీజిల్ మరిగే ఉష్ణోగ్రత ఎక్కువ, గోడల మీద మిగిలి రింగుల సందుల్లోంచి ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడి మట్టం పెరుగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగిందంటే సంతోషించాల్సిన విషయం కాదు. కొత్త బండ్లు కంపెనీ మాన్యువల్ ఎంత శాతం అంటే అక్కడే ఆగాలి. లాభమంతా బీఎస్-3, బీఎస్-4 లారీల్లో, పాత జెనరేటర్లలో, ముఖ్యంగా మరబోట్లలో ఉంది. బోటు ఇంజన్లకు బీఎస్ నిబంధనలే వర్తించవు, సైలెన్సర్ వెనక వడపోతా ఉండదు.

మిశ్రమం పోసే ముందు ఇంజన్ సంగతి చూడాలి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి, నాజిళ్లు చుక్కలు కారుస్తూ ఉన్న ఇంజన్‌లో బి 20 పోసి పొగ తగ్గలేదంటే ఆ తప్పు ఇంధనానిది కాదు. నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతోంది, దానికి రింగులు, వాల్వు గైడ్లు చూడాలి. నల్ల పొగకు మన దగ్గర అన్నిటికంటే పెద్ద కారణం ఓవర్‌లోడ్ లాగడం కోసం పంపు సీలు తెంచి డీజిల్ పెంచడం. బి 20లో లీటరుకు వచ్చే శక్తి మామూలు డీజిల్ కంటే ఒకటి రెండు శాతం తక్కువ. ఘాట్‌లో పికప్ తగ్గినట్టు అనిపించగానే డీజిల్ పెంచడానికి డ్రైవరు పంపు స్క్రూ తిప్పించేస్తే, తగ్గిన మసి అంతా వడ్డీతో తిరిగొస్తుంది. ఓనర్లు ముందే చెప్పి ఉంచాల్సిన మాట ఇది.

కలిపిన ఇంధనం సరఫరాదారు దగ్గరే తయారై రావడం మేలు. పెద్ద ఎత్తున వాడే సంఘాలు, కంపెనీలు సొంత ట్యాంకులో కలుపుకునేటప్పుడు వరస ముఖ్యం. బయోడీజిల్ ఎక్కువ బరువుంటుంది, లీటరుకు 880 గ్రాముల దగ్గర. డీజిల్ 830 దగ్గర. బయోడీజిల్ ముందు పోసి పైన డీజిల్ పోస్తే అది అడుగున అలాగే ఉండిపోవచ్చు. 200 లీటర్ల డ్రమ్ముకు బి 20 కావాలంటే ముందు 160 లీటర్ల డీజిల్, పైనుంచి 40 లీటర్ల బయోడీజిల్. పెద్ద ట్యాంకయితే పంపుతో అడుగునుంచి తోడి పైన పోస్తూ తిప్పాలి. కలిసిందా లేదా అన్నది పైన, నడుమ, అడుగున మూడు శాంపిళ్లు తీసి, డెన్సిటీ కొలిచే హైడ్రోమీటర్‌తో చూస్తే తెలిసిపోతుంది. మూడింటి మధ్య తేడా లీటరుకు 6 గ్రాములు దాటకూడదు. పై లెక్కన బి 20 డెన్సిటీ 15 డిగ్రీలకు సవరించాక 840 దగ్గర రావాలి. బంకుల్లో రోజూ డెన్సిటీ రిజిస్టరు రాసేవాళ్లకు ఇదేం కొత్త పని కాదు.

కొత్తగా మొదలుపెట్టిన బండి కొద్ది రోజులకే దారిలో ఆగిపోయి, "బయోడీజిల్ ఇంజన్ చెడగొట్టింది" అనే మాట పుడుతుంది. చాలాసార్లు జరిగేది వేరు. బయోడీజిల్‌కు కడిగే గుణం ఉంది. పదేళ్లుగా ట్యాంకు గోడలకు, పైపులకు పట్టిన జిడ్డు, తుప్పు పొడి అంతా ఊడి ఫిల్టర్‌లోకి చేరుతుంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు బాగానే నడుస్తుంది, లోడు పడగానే దమ్ము చాలక ఆగుతుంది. ఫిల్టర్ విప్పితే కాగితం మడతల మధ్య తారులాంటి నల్ల ముద్ద కనపడుతుంది. అందుకే ముందు ట్యాంకు దింపి కడిగించాలి. బి 5 లేదా బి 10తో మొదలుపెట్టాలి. మొదటి రెండు మూడు ట్యాంకుల తర్వాత ఫిల్టర్ మార్చాలి, ఇంకో ఫిల్టర్ బండిలో ఉంచుకోవాలి. ఆపైన మామూలు గడువే సరిపోతుంది.

రబ్బరు విషయం కూడా అంతే. పాత ఇంజన్లలోని నైట్రైల్, సహజ రబ్బరు హోస్ పైపులు, ఓ-రింగులు బయోడీజిల్‌కు ఉబ్బి మెత్తబడతాయి. బి 20లో ఇది నెమ్మదిగా, బి 100లో తొందరగా జరుగుతుంది. ట్యాంకు నుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపు దగ్గర చెమ్మ, ఉదయం స్టార్ట్ చేసేటప్పుడు ఎయిర్ లాక్ (పైపులో గాలి అడ్డుపడటం) దీని గుర్తులు. మార్చేటప్పుడు బయోడీజిల్‌ను తట్టుకునే వైటాన్ రకం అడిగి వేయించుకోవాలి. లోహాల్లో రాగి, ఇత్తడి, సీసం, జింక్ బయోడీజిల్‌ను త్వరగా పాడు చేస్తాయి. జీఐ (జింక్ పూత పూసిన) డ్రమ్ముల్లో నిల్వ పెడితే జింక్ సబ్బులాంటి పదార్థంగా మారి ఫిల్టర్ మూసేస్తుంది. స్టీలు డ్రమ్ము, అల్యూమినియం ట్యాంకు పర్వాలేదు.

ఇక నీరు. సముద్రం పక్కన ఉన్న ఊరికి అన్నిటికంటే పెద్ద సమస్య ఇదే. మామూలు డీజిల్ తనలో కలుపుకునే నీరు చాలా కొద్ది. బయోడీజిల్ దానికి పదింతలకు పైగా పట్టి ఉంచుకోగలదు. పగలు వేడికి కలిసిన చెమ్మ రాత్రి చల్లబడగానే విడిపోయి అడుగున చేరుతుంది. ఆ నీటికీ ఇంధనానికీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఫిల్టర్ గిన్నెలో గోధుమరంగు జిగురు, పుల్లటి వాసన వస్తే అవి చేరాయన్నమాట. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి గాలిలోని తేమే నీరవుతుంది, కాబట్టి నిండుగా ఉంచాలి. ఇంధనంలోని నీరు, మడ్డి పట్టే సెడిమెంటర్ డ్రెయిన్ ప్లగ్ రోజూ పొద్దున స్టార్ట్ చేయకముందే ఓ గ్లాసులోకి వదిలి చూడాలి.

మరబోట్లకు ఇది రెండింతలు వర్తిస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఎండలు మండే ఆ రెండు నెలలూ సగం ట్యాంకు బి 20తో బోటు కట్టేస్తే జూన్ 15 తెల్లవారుజామున బోటు నడిపే సరంగుకు స్టార్ట్ కాని ఇంజనే ఎదురవుతుంది. నిషేధానికి ముందు ఆఖరి వేటకు మామూలు డీజిల్ పోయించి, పంపులో, నాజిళ్లలో మిశ్రమం మిగలకుండా నడిపి, ట్యాంకు అడుగు నీరు తీసేసి ఆపాలి. బి 20ని ఆరు నెలలకు మించి నిల్వ పెట్టకూడదు, విశాఖ ఉక్కలో మూడు నెలలకే వాడేయడం మంచిది. నెలకోసారి తిప్పిచూసే అపార్ట్‌మెంటు జెనరేటర్‌కు బి 20 తగదని కూడా ఇందుకే అంటాం. రోజూ తిరిగే జెనరేటర్‌కు సరే. సెల్లార్లో ఏడాదికి పది గంటలు తిరిగేదానికి మామూలు డీజిలే ఉండనివ్వండి.

చలి సంగతి విశాఖ నగరంలో పట్టించుకోనక్కర్లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి, పాడేరు, అరకు వైపు రాత్రి ఆగే లారీలకు మాత్రం పట్టించుకోవాలి. పామాయిల్‌తో చేసిన బయోడీజిల్ పదిహేను డిగ్రీల దగ్గరే మబ్బుపట్టినట్టవుతుంది. బి 20లో అంత తొందరగా కాదు గానీ ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరపడితే మైనం ఫిల్టర్‌కు పడుతుంది. ఆ నెలల్లో కొండ దారి బండ్లు బి 5కు దిగిపోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు. బయోడీజిల్ బోర్డు పెట్టి కిరసనాయిలు, సాల్వెంట్లు, బేస్ ఆయిల్ కలిపి అమ్మే దందా దేశంలో పలుచోట్ల బయటపడింది. అది పోసి పంపు ఎలిమెంట్లు గీతలు పడితే చెడ్డపేరు అసలు సరుకుకు వస్తోంది. కొనేటప్పుడు ఐఎస్ 15607 టెస్ట్ రిపోర్టు అడగాలి. అందులో మూడు అంకెలు చూడాలి: నీరు 500 పీపీఎం లోపు, ఆమ్ల విలువ 0.50 లోపు, ఆక్సీకరణ స్థిరత్వం (పరీక్షలో గాలికి పాడవకుండా ఆగే సమయం) 8 గంటలకు తగ్గకుండా. రిపోర్టు మీద అనుమానముంటే ఒక చిన్న పరీక్ష ఉంది. గాజు గొట్టంలో 27 మిల్లీలీటర్ల మిథనాల్ పోసి, 3 మిల్లీలీటర్ల బి 100 వేసి బాగా కుదిపి అరగంట ఉంచాలి. మంచి బయోడీజిల్ పూర్తిగా కలిసిపోయి తేటగా ఉంటుంది. మారకుండా మిగిలిన నూనె గానీ, పెట్రోలియం ఆయిల్ గానీ ఉంటే అడుగున బొట్లుగా దిగుతుంది. విశాఖ ఎండలో వేడెక్కిన మిథనాల్ కొంచెం ఎక్కువ నూనెను కరిగించుకుని దొంగ సరుకును పాస్ చేసేస్తుంది. గొట్టాన్ని చల్లటి నీళ్లలో పెట్టి ఇరవై డిగ్రీల దగ్గరకు తెచ్చి చూడాలి. మిథనాల్ విషం, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, మంట కంటికి కనపడదు. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. కలిపేసిన బి 20 మీద ఈ పరీక్ష చేసి లాభం లేదు, అందులోని డీజిలే మిథనాల్‌లో కలవదు.

ఇంకో రెండు అపోహలు. డీజిల్ ఇంజన్ 1900 పారిస్ ప్రదర్శనలోనే వేరుశనగ నూనెతో నడిచింది కదా, నేరుగా కానుగ నూనె పోస్తే ఏమని అడుగుతుంటారు. నూనె చిక్కదనం డీజిల్ కంటే పదింతలు. నాజిల్ దాన్ని తుంపర చేయలేదు, ధారగా పడుతుంది. నాజిల్ మొనకు బొగ్గు కట్టి, రింగులు అతుక్కుని, ఆయిల్ గడ్డకడుతుంది. ఈ చిక్కదనం తగ్గించడానికే మిథనాల్‌తో చర్య జరిపి గ్లిజరిన్ వేరుచేసి బయోడీజిల్ చేస్తారు. రెండోది ఇథనాల్. అది డీజిల్‌లో సరిగ్గా కలవదు, కాస్త నీరు తగిలితే విడిపోతుంది. పైగా ట్యాంకులో ఆవిరి మామూలు గది ఉష్ణోగ్రతకే మంట అందుకునే స్థితికి వస్తుంది. పెట్రోల్‌కు పనికొచ్చింది కదా అని డీజిల్ ట్యాంకులో పోయడం ప్రమాదం.

ముడిసరుకు ఎక్కడిది? వంటనూనెలు సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో కొత్త పామాయిల్‌ను లారీల్లో పోయడం మాకు సమ్మతం కాదు. అడవి ఆముదం తోటల ప్రయోగం దిగుబడి లేక ఎలా చప్పబడిందో అందరికీ తెలుసు. మిగిలింది వాడేసిన వంటనూనె. బీచ్ రోడ్డు బజ్జీ బండ్ల నుంచి పెద్ద హోటళ్లు, హాస్టళ్ల దాకా విశాఖలో దానికి కొదవ లేదు. మరిగించిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె మళ్లీమళ్లీ మరిగి పాడైనకొద్దీ పెరిగేవి) 25 శాతం దాటితే ఇక వంటకు వాడకూడదని 2018 జులై నుంచే నిబంధన ఉంది. రోజుకు 50 లీటర్లకు మించి వేపుడుకు వాడేవాళ్లు లెక్క రాసి, నమోదైన సేకరణదారుకే ఇవ్వాలని 2019 మార్చి నుంచి ఆహార భద్రతా సంస్థ నియమం. అమలు సరిగా ఉంటే ఆ నూనె చవకగా చిన్న బజ్జీ బండ్లకు తిరిగి చేరదు, వంద లీటర్ల నుంచి తొంభైకి పైగా లీటర్ల బయోడీజిల్ వస్తుంది. ఒక్కటే షరతు. నీరు, పిండి ముక్కలు వడకట్టి ఇవ్వాలి, అందులో గ్యారేజీ ఆయిల్ కలపకూడదు. నీరు, ఆమ్లాలు ఎక్కువుంటే చర్యలో బయోడీజిల్ బదులు సబ్బు తయారవుతుంది. అలాంటి సరుకుకు ముందుగా ఆమ్లంతో ఇంకో దశ శుద్ధి కావాలి, ఖర్చు పెరుగుతుంది. కాకినాడలో బయోడీజిల్ తయారీ ఇప్పటికే ఉంది కాబట్టి దూరం సమస్య కాదు. పొగలో కాస్త పునుగుల వాసన వస్తుంది, దాన్ని భరించవచ్చు.

ఒకటి మాత్రం దాచకూడదు. విశాఖ దుమ్ములో పోర్టు బొగ్గు, ఖనిజాల గుట్టల వాటా పెద్దది. మిశ్రమ డీజిల్ దాన్ని ఒక్క రేణువు కూడా తగ్గించదు. జాతీయ శుద్ధ గాలి కార్యక్రమం కింద ఉన్న నగరంగా ఆ పని వేరుగా జరగాల్సిందే.

అధికారులను మేం అడిగేది పెద్ద పథకమేమీ కాదు. ఫిషింగ్ హార్బర్‌లో డీజిల్ బంకు ఉన్నచోటే ముందే కలిపిన బి 10కి ఒక స్టీలు ట్యాంకు పెట్టించాలి. ప్రతి లోడు టెస్ట్ రిపోర్టు నకలు పంపు పక్కన అతికించాలి. వచ్చే వేట నిషేధంలో బోట్లు ఎలాగూ ఒడ్డునే ఉంటాయి, మరమ్మతులు ఎలాగూ చేయిస్తారు. అప్పుడే ముందుకొచ్చిన కొన్ని బోట్ల ట్యాంకులు కడిగించి, హోసులు మార్పించి, పంపులు బెంచి మీద సరిచూపించి, ఇంజన్ వేడెక్కాక పొగ మీటర్ రీడింగు తీసి రాసిపెట్టాలి. జూన్ 15 నుంచి బి 10 పోయించి, ఆగస్టులో అవే బోట్లకు అదే మీటర్‌తో మళ్లీ చూడాలి. ఫిల్టర్లు ఎన్ని మారాయి, డీజిల్ ఎంత పట్టింది అన్న లెక్క కూడా పక్కనే రాయాలి. ఆ కాగితం చూశాక బి 20కి వెళ్లాలా, పోర్టు లారీలకు కూడా ఇవ్వాలా అన్నది బోటు యజమానులు, లారీ సంఘాలు తేల్చుకుంటాయి.

ఇట్లు,
డీజిల్ ఇంజన్, ఫ్యూయల్ పంపు పనివారు,
ఆటోనగర్, గాజువాక, విశాఖపట్నం.